గ్యాసు తవ్వకానికి ముందే నూతినీటి పరీక్ష



మీ ఊరి చివర ఒక రైతు పొలం కౌలుకు తీసుకుని, గ్రావెలు పోసి మెరక చేస్తున్నారనుకోండి. లారీలు తిరగడానికి పుంతరోడ్డు వెడల్పు చేస్తున్నారు. రొయ్యల చెరువేమో అనుకుంటే కాదు, గ్యాసు కోసం బావి తవ్వబోతున్నారని టీకొట్టు దగ్గర తెలిసింది. అప్పుడు మీరు మొట్టమొదట చేయవలసిన పని ఏమిటి? ఆ రైతుకు కౌలు ఎంత ముట్టిందో ఆరా తీయడం కాదు. మీ నూతినీళ్లు, మీ బోరు నీళ్లు పరీక్ష చేయించుకోవడం. అదీ తవ్వకం మొదలు కాకముందే.

ఎందుకంటారా? ఒక వేసవిలో తెగులు చూడమని పిలిస్తే కోనసీమలో ఒక కొబ్బరితోటకు వెళ్లాను. ఆ ఇంటి మామ్మగారు చెంబుతో నీళ్లిస్తూ, "ఇవి టిన్ను నీళ్లు బాబూ. మా నూతినీళ్లతో ఇప్పుడు పప్పే ఉడకడం లేదు" అన్నారు. కారణం గ్యాసు బావి అన్నాడు కొడుకు. కాదు, రొయ్యల చెరువులన్నాడు పక్క రైతు. సముద్రం లోపలికి వస్తోందన్నాడు మూడో ఆయన. ముగ్గురి మాటా నిజం కావచ్చు. పాత పరీక్ష కాగితం ఏదైనా ఉన్నదా అని అడిగాను. లేదన్నారు. నాది డిప్లొమా చదువే. కాని ఎంత పెద్ద చదువు చదివినవారైనా ఆ కాగితం లేకుండా అక్కడ తేల్చి చెప్పగలిగేది ఏమీ లేదు.

కృష్ణా గోదావరీ తీరంలో 1970ల చివరినుంచీ చమురు, గ్యాసు కోసం బావులు తవ్వుతూనే ఉన్నారు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. నాకు అప్పటికి ఊహ తెలియదు, ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నాను. మంట అయితే అందరికీ కనిపిస్తుంది. ఇప్పుడు నేను చెప్పేది కంటికి కనిపించని సంగతి.

గ్యాసు బావి వేల అడుగుల లోతుకు పోతుంది. మనం తాగే నీటి పొర పైపైనే ఉన్నది. కోనసీమలో ఆ మంచినీరు కింది ఉప్పునీటి మీద పలుచని మీగడలాగా తేలుతూ ఉంటుంది. బావిగొట్టం ఆ మీగడను చీల్చుకునే దిగాలి. అందుకే కేసింగు అనే ఉక్కు గొట్టం దించి, చుట్టూ సిమెంటు పోస్తారు. తవ్వేటప్పుడు బంకమట్టి, ముగ్గురాయి పొడి కలిపిన బురద వాడతారు. ముగ్గురాయి అంటే మన రాయలసీమలో మంగంపేట గనుల్లో దొరికేదే. అందులో బేరియం ఉన్నది. లోతునుంచి గ్యాసుతోపాటు గాఢమైన ఉప్పునీరు కూడా పైకి రావచ్చు. పని సరిగా చేస్తే నూతికి హాని కలగాలని లేదు. సిమెంటు పట్టకపోయినా, బురద గుంట కారినా, ఉప్పునీరు ఒలికినా మాత్రం ఇబ్బందే. నా మట్టుకు నాకు అడుగున జరిగేదానికంటే పైన ఉన్న గుంటల మీదే ఎక్కువ అనుమానం.

మరి ఏమేమి పరీక్ష చేయించాలి? మామూలుగా చూసే ఉదజని సూచిక, గట్టిదనం, నైట్రేటు, ఇనుము ఎలాగూ చూస్తారు. వాటితోపాటు విద్యుత్ వాహకత, కరిగిన లవణాలు, క్లోరైడు, సోడియం, బేరియం, నూనె, బెంజీను, కరిగిన మీథేను గ్యాసు తప్పకుండా అడగండి. భారత ప్రమాణం ప్రకారం తాగే నీటిలో లీటరుకు క్లోరైడు 250 మిల్లీగ్రాములు, మొత్తం లవణాలు 500, బేరియం 0.7 మించకూడదు. వేరే నీరు దొరకనిచోట క్లోరైడుకు 1000, లవణాలకు 2000 వరకు సడలింపు ఉన్నది. కాని మీకు కావలసింది నీరు మంచిదా చెడ్డదా అన్న తీర్పు ఒక్కటే కాదు. అంకె కావాలి. రేపు పోల్చి చూసుకునేది ఆ అంకెతోనే.

మీథేనుకు రంగు, రుచి, వాసన లేవు. చేతిపంపు నీళ్లు గ్లాసులో పాలలాగా తెల్లగా వచ్చి, బుడగలు పోయి తేటపడితే అనుమానించాలి. ఇది గాలి బుడగల వల్లా కావచ్చు, కుళ్లిన ఆకు అలముల గ్యాసు వల్లా కావచ్చు. ఆ గ్యాసు బురదగుంటల్లో మనం చూస్తూనే ఉంటాం. లోతునుంచి వచ్చిన గ్యాసు ఏదో, గుంటలో పుట్టిన గ్యాసు ఏదో రసాయనికులు చాలావరకు విడదీసి చెప్పగలరు. ఇక్కడ ఒక హెచ్చరిక. పాత నూతిలో దిగేముందు దీపం దించి చూడడం మన పెద్దల అలవాటు. గ్యాసు అనుమానం ఉన్న నూతిలో ఆ పని చేయవద్దు. గాలిలో మీథేను నూటికి 5 పాళ్లకు చేరిందంటే నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. బీడీ కూడా దూరంగానే.

ఇక ఒక్కసారి పరీక్ష చాలదు. కాలువలు పారుతున్నప్పుడు నూతిలో ఒక రుచి, వేసవిలో కాలువలు కట్టేశాక ఇంకొక రుచి అని మీకు తెలియనిది కాదు. కార్తీకంలో తీసిన నీటిని వైశాఖంలో తీసిన నీటితో పోల్చి గ్యాసు బావి మీద ఫిర్యాదు పెడితే, ఎదుటివారు ఒక్క మాటతో కొట్టివేస్తారు. కాబట్టి కాలువ ఉన్నప్పుడు ఒకసారి, కట్టేశాక ఒకసారి తీయించండి. అదే రోజు నూతిలో నీరు ఎన్ని అడుగుల కింద ఉన్నదో తాడుతో కొలిచి రాసుకోండి. తవ్వకం తర్వాత పరీక్ష అదే నూతిలో, అదే ఋతువులో జరగవలెను.

నూతులు ఎంచుకోవడంలోనూ కిటుకు ఉన్నది. ఎరువు ప్రయోగంలో ఎరువు వేయని మడి ఒకటి వదులుతాం గదా? అలాగే తవ్వకానికి దగ్గర నూతులతోపాటు, దూరంగా ఉన్న నూతి ఒకటి కూడా తీసుకోండి. రెండూ ఉప్పెక్కితే కారణం వేరే కావచ్చు. దగ్గరది మాత్రమే ఎక్కితే మీ మాటకు బలం.

సీసా మీరే నింపి పంపితే సాక్ష్యంగా నిలబడడం కష్టం. ప్రయోగశాల మనిషినే రప్పించి, ఇద్దరు ఇరుగుపొరుగుల ఎదుట తీయించి, సీలు వేయించండి. నీరు ఫిల్టరుకు, ట్యాంకుకు ముందే పట్టాలి. బోరైతే పది పదిహేను నిమిషాలు వదిలాక పట్టాలి. ఆ వారం నూతిలో బ్లీచింగు పొడి వేయవద్దు. లోహాల పరీక్షకు ఇచ్చే సీసాలో ఆమ్లం చుక్కలు ఉంటాయి. శుభ్రం చేద్దామని దాన్ని కడగకండి. మీథేను సీసా బుడగ మిగలకుండా నిండాలి. అన్నీ మంచులో పెట్టి వెంటనే చేర్చాలి. మామూలు పరీక్షలకు గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాల ఉన్నది. బెంజీను, మీథేను వంటివాటికి ఎన్.ఏ.బి.ఎల్. గుర్తింపు పొందిన ప్రయోగశాలను ముందుగా విచారించుకోండి. ఖర్చు ఒక్కడికి బరువే. పదిళ్లవారు కలిస్తే మోయవచ్చు.

కంపెనీవారు వచ్చి మేమే పరీక్ష చేస్తామంటే కాదనకండి. ఫలితం నకలు మాత్రం రాతపూర్వకంగా అడగండి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం 2012లో ఒక చట్టం చేసింది. షేలు గ్యాసు వంటి బావికి 2,500 అడుగుల లోపు నీరు, పని ముగిసిన 12 నెలల్లోగా చెడితే, దోషం తవ్వినవారిదేనని ముందుగా భావిస్తారు. తమది కాదని వారే నిరూపించుకోవాలి. అయితే తవ్వకముందు పరీక్షకు ఒప్పుకోని యజమానికి ఆ రక్షణ పోవచ్చు. మన దగ్గరనా, ఫిర్యాదు పెట్టినవాడిని మొదట అడిగేదే "ముందు ఎలా ఉండేది?" అని.

ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారులే, అప్పుడు చూద్దాం అని ఊరుకోకండి. 2020 జనవరిలో వచ్చిన సవరణతో అన్వేషణ కోసం తవ్వే బావులకు ఆ సభ అవసరం లేకుండా పోయింది. గ్రావెలు లారీయే మీకు నోటీసు అనుకోండి.

ఫలితం కాగితం, రసీదు, సీసా మీది చీటీ ఫోటో మూడూ పట్టాదారు పాసు పుస్తకం ఉండే పెట్టెలోనే దాచండి. ఒక నకలు పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, ముట్టినట్లు తేదీతో సంతకం తీసుకోండి. కాలువలు కట్టేసే తేదీ తెలియగానే రెండో పరీక్షకు ప్రయోగశాలకు కబురు పెట్టండి.