గోడపత్రికలలోనే యుద్ధ వ్యతిరేక స్మృతి

న్యూఢిల్లీ: యుద్ధాలను నిరసిస్తూ ఢిల్లీ విద్యార్థులు వీధులలోకి వచ్చిన సందర్భాలు అనేకం. ఆ స్మృతిని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జె.ఎన్.యు.) చాలాకాలం నిలుపుకొన్నది శిలాఫలకాలపై కాదు, గోడపత్రికలపై. ఇప్పుడు ఆ గోడలే వివాదాస్పదమయ్యాయి.

వియత్నాం యుద్ధం సాగుతుండగా, 1969లో జె.ఎన్.యు. ఏర్పడింది. 2006 మార్చిలో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ రాకకు వ్యతిరేకంగా రాజధానిలో జరిగిన భారీ ప్రదర్శనలలో విద్యార్థి సంఘాలు పాల్గొన్నాయి. ఇరాక్ యుద్ధం నాటి ప్రధానాంశాలలో ఒకటి. గాజా యుద్ధంపై అమెరికా విశ్వవిద్యాలయాలలో ఆందోళన చెలరేగిన 2024 ఏప్రిల్‌లో జె.ఎన్.యు. విద్యార్థి సంఘం వారికి సంఘీభావం తెలిపింది. అదే నెల 29న అక్కడ ప్రసంగించవలసిన అమెరికా రాయబారి ఎరిక్ గార్సెట్టి కార్యక్రమం వాయిదా పడింది.

చేతితో చిత్రించిన నిలువెత్తు గోడపత్రికల ద్వారా, రాత్రి భోజనానంతరం హాస్టల్ మెస్‌లలో జరిగే సభల ద్వారా ఈ చరిత్ర కొత్త విద్యార్థులకు అందుతూ వచ్చింది. అయితే ఆస్తుల వికృతీకరణ నిరోధానికి ఉద్దేశించిన 2007 నాటి ఢిల్లీ చట్టాన్ని ఉటంకిస్తూ, 2019లో అధికారులు గోడపత్రికలను తొలగించారు. తరగతి గదులున్న భవనాలకు వంద మీటర్ల లోపు ధర్నా చేస్తే 20 వేల రూపాయల వరకు జరిమానా విధించేందుకు 2023 నాటి నియమావళి వీలు కల్పించింది.

ఈలోగా మరో తరహా స్మృతికి ప్రోత్సాహం లభించింది. పరమవీర చక్ర గ్రహీతలైన 21 మంది చిత్రపటాలను విద్యాసంస్థలలో నెలకొల్పే ఉద్యమం 2017లో ఆరంభమైంది. ఆ ఏడాది జూలైలో కార్గిల్ విజయోత్సవ సభలో, ప్రాంగణంలో ఉంచేందుకు సైనిక ట్యాంకును ఇప్పించవలసిందిగా నాటి ఉపకులపతి, నల్గొండ జిల్లాకు చెందిన ఎం. జగదీశ్ కుమార్ కేంద్ర మంత్రులను కోరారు. సైనికుల త్యాగాలను విద్యార్థులకు గుర్తు చేయడమే ఉద్దేశమని ఆయన వివరించారు. దీనిపై విమర్శలూ వెలువడ్డాయి.

యుద్ధ వ్యతిరేక స్మృతి అమెరికాలో సైతం సులభంగా నిలువలేదు. కంబోడియాపై దాడిని నిరసిస్తున్న విద్యార్థులపై 1970 మే 4న ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నేషనల్ గార్డ్ దళాలు కాల్పులు జరిపాయి. నలుగురు మరణించగా, తొమ్మిది మంది గాయపడ్డారు. ఘటనాస్థలంలో కొంత భాగాన వ్యాయామశాల నిర్మాణాన్ని 1977లో విద్యార్థులు ప్రతిఘటించినా అది ఆగలేదు. స్మారక నిర్మాణం 1990లో గానీ వెలియలేదు.

సైనికుని త్యాగాన్ని స్మరించడానికి, యుద్ధం వద్దన్నవారిని గుర్తుంచుకోవడానికి వైరుధ్యం ఉండనవసరం లేదు. కానీ చిత్రపటానికి అధికారిక రక్షణ ఉంది, కాగితానికి లేదు. విద్యార్థులు చదువు ముగించుకొని వెళ్లిపోతారు. గోడపై వ్రాత కూడా పోతే, తరువాత వచ్చేవారికి చెప్పేదెవరన్నదే ప్రశ్న.