గింజకు చీటీ, మాక్రోకు చీటీ

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళే రహదారి మీద పటాన్‌చెరు ఉంది. కర్మాగారాలకు పేరుపొందిన ఈ ప్రాంతంలోనే 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ, అందులో ఒక విత్తన నిధి ఉన్నాయి. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలైన పంటల నమూనాలు 1,20,000కు పైగా అక్కడ భద్రంగా ఉన్నాయి. చాలాకాలం దాచవలసిన గింజలను సున్నాకు 20 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉంచుతారు.

వాటిలో ఒక డబ్బా చీటీ పోయిందనుకోండి. గింజ చెడిపోదు. నాటితే మొలుస్తుంది కూడా. కాని అది ఏ దేశపు జొన్నో, ఎన్ని రోజులకు పూతకు వస్తుందో తెలియదు. ఇక ఆ గింజ ఉన్నా ఎవరికి ఉపయోగం? కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికి కూడా ఇలాంటి చిక్కే ఎదురవుతుంది.

మాక్రో అంటే ఏమిటి?

ప్రోగ్రాములో కొన్ని పనులు పదే పదే వస్తుంటాయి. అటువంటి పనికి ఒక చిన్న పేరు పెట్టి, ఆ పేరు కనిపించిన చోటల్లా పూర్తి పాఠాన్ని ఉంచమని కంప్యూటరుకు ముందే చెప్పవచ్చు. ఆ పేరే మాక్రో. 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో మాక్రోల వాడకం ఎక్కువ. అందరికీ పనికివచ్చే మాక్రోలను ఒకచోట చేర్చి 'లైబ్రరీ'గా ఉంచుతారు.

ఒక ఉదాహరణ చూద్దాం. వర్గం(అ) అంటే అ × అ అని రాశాం. వర్గం(5) అంటే 5 × 5, అంటే 25. మరి వర్గం(2 + 3) ఎంత? అదీ 25 అనుకుంటున్నారా? కాదు, 11! మాక్రో లెక్క చేయదు, పాఠాన్ని మారుస్తుంది, అంతే. అందుచేత అది 2 + 3 × 2 + 3 అవుతుంది. గుణకారం ముందు చేయాలి కదా!

(అ) × (అ) అని బ్రాకెట్లు పెడితే ఈ తప్పు పోతుంది. కాని బ్రాకెట్లకూ లొంగని తప్పు ఒకటుంది. 'అ' స్థానంలో 'తరువాతి సంఖ్యను చదువు' అనే ఆజ్ఞ ఇచ్చామనుకోండి. ఆ ఆజ్ఞ రెండు చోట్ల చేరుతుంది కాబట్టి కంప్యూటరు రెండుసార్లు చదువుతుంది. వరుసలో 4, 7 ఉంటే 16 రావలసిన చోట 28 వస్తుంది! యంత్రం ఆగదు, హెచ్చరించదు. తప్పు జవాబునే ధైర్యంగా ఇస్తుంది. ఆ జవాబును నమ్మి ఒక మందులో పాళ్ళు కలిపితే ఏమవుతుందో ఊహించండి.

చీటీలో ఏముండాలి?

అందుకే ప్రతి మాక్రోకు ఒక వివరణ అవసరం. దాని పేరు, చేసే పని, దానికి ఏమి ఇవ్వాలి, ఏమి తిరిగివస్తుంది, ఏ జాగ్రత్త పాటించాలి, ఒక ఉదాహరణ. ఇవన్నీ ప్రతి చీటీలో ఒకే వరుసలో ఉండాలి. విత్తన శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే. 'పూతకు వచ్చే రోజులు' అంటే మొదటి పువ్వు వరకా, సగం మొక్కలు పూసే వరకా? ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా లెక్కిస్తే రెండు జొన్నలను పోల్చలేం. కనుక ఏది ఎలా కొలవాలో తెలిపే వివరణ పుస్తకాలను పంటలవారీగా ప్రచురించారు. జొన్నకు అటువంటి పుస్తకం 1984లో వచ్చింది.

చీటీలు రాస్తే చాలదు, వాటిని అమర్చాలి. విత్తనం కోరే వ్యక్తి నమూనా సంఖ్యతో రాడు. 'బెట్టను తట్టుకునే జొన్న కావాలి' అంటాడు. మాక్రో వెతికేవారికీ పేరు తెలియదు, అవసరం మాత్రమే తెలుసు. కాబట్టి సంఖ్యలకు సంబంధించినవి ఒకచోట, అక్షరాలవి ఒకచోట, తప్పులను పట్టేవి ఒకచోట ఉండాలి. పేరు తెలిసినవారి కోసం చివర అకారాది పట్టిక ఉండాలి. లైబ్రరీ తన లోపలి పనులకు వాడుకునే మాక్రోలను ఈ జాబితాలో కలపకూడదు. పాత మాక్రోను తొలగిస్తే, దాని బదులు ఏది వాడాలో చెప్పాలి.

వివరణ ఎక్కడ ఉండాలి? మాక్రో పక్కనే. వేరే పుస్తకంలో ఉంటే మాక్రో మారినా వివరణ పాతదిగానే మిగిలిపోవచ్చు. పక్కనున్న వివరణలను ఏరి పుస్తకంగా కూర్చే డాక్సిజన్ వంటి ప్రోగ్రాములు ఉన్నాయి. అది 1997లో వచ్చింది.

ఇప్పుడు మీకొక లెక్క. రెట్టింపు(అ) అంటే (అ) + (అ). అయితే రెట్టింపు(3) × 5 ఎంత? 30 రావాలంటే ఇంకా ఎక్కడ బ్రాకెట్లు పెట్టాలి? కాగితం మీద చేసి చూడండి. ఆపైన ఆ మాక్రోకు ఒక చీటీ రాసి మీ మిత్రునికి ఇవ్వండి. మిమ్మల్ని ఏమీ అడగకుండా అతడు దాన్ని సరిగా వాడగలిగితే, మీ చీటీ మంచిదన్నమాట!