కమీషన్ ఎవరిస్తున్నారో అడిగారా?

చీరాలలో ఓ మాస్టారు రిటైరై గ్రాట్యుటీ చేతికందిందంటే చాలు, వారం తిరక్కుండానే గడప తొక్కేవాళ్లు తయారు. ఒకరు పాలసీ అంటారు, ఇంకొకరు ప్లాటంటారు. తెలిసినవాడేగా అని సంతకం పెట్టేస్తారు.

చిక్కంతా అక్కడే. డిపాజిట్లు కట్టించుకుని తిరిగివ్వలేకపోయిన అగ్రిగోల్డ్ కంపెనీలో ఇరుక్కున్నవి సుమారు 32 లక్షల ఖాతాలు, 6,380 కోట్ల రూపాయలు. ఇంటికొచ్చి కట్టించుకున్న ఏజెంట్లు చాలాచోట్ల చుట్టాలే, ఇరుగుపొరుగువాళ్లే. పాపం, వాళ్లలోనూ ఎందరో సొంత సొమ్ము పోగొట్టుకున్నారు.

పెట్టుబడి సలహాదారుల కోసం మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2013లో నిబంధనలు తెచ్చింది. రిజిస్ట్రేషన్ నంబరు ‘ఐఎన్‌ఏ’తో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్‌లో పేరు కొడితే అసలో నకిలీయో తేలిపోతుంది. వీళ్లు మన దగ్గర ఫీజు తీసుకోవాలే తప్ప, చెప్పిన సలహాకు కంపెనీల నుంచి కమీషన్ పుచ్చుకోకూడదు. ‘ఏఆర్‌ఎన్’ నంబరుంటే మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ అన్నమాట. కమీషన్ ఫండ్ కంపెనీ ఇస్తుంది. తప్పేం కాదు, తెలిసుండాలంతే.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. వచ్చినాయన సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ ఊసెత్తాడా? 60 దాటినవారు పోస్టాఫీసులో 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ. ఈ స్కీమ్‌పై ఏజెంట్ల కమీషన్ 2011లోనే తీసేశారు. అందుకే దాని గురించి ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు, మనమే వెళ్లి అడగాలి.