బండను విడువని యిల్లు

కొంపల్లిలో మా కుమారుఁడు కొనిన స్థలమునందు నొక పెద్ద గుండుబండయు, నొక వేపచెట్టును గలవు. మేస్త్రీ బండను పేల్చి నేల చదును చేయుదమనెను. నేను వలదంటిని. ఈ ప్రాంతపు గ్రానైటు సుమారు 250 కోట్ల యేండ్లనాఁటిది. పేల్చుట కొకపూట చాలును, మరల దెచ్చువాఁడు లేఁడు. హైదరాబాదులోని బంజారాహిల్సునందు మెహదీ నవాజ్ జంగుగారు బండలను తొలఁగింపక, వానిని గలుపుకొనియే యిల్లు కట్టించుకొనిరి.

అయినను బండతోడి కాపురమునకు లెక్క తెలియవలయును. పగలు కాఁగిన ఱాయి రాత్రి చాలసేపు వేఁడిని విడుచుచుండును. కావున పడకగదిని దానికి దూరముగా నుంచితిమి. మధ్యాహ్నపుటెండ బండపైఁ బడకుండ వేపనీడ కొంత కాచును. వానకు దానిపై జాఱిన నీరంతయు మొదటఁ జేరును. అచ్చట సిమెంటు పఱచినచో నా నీరు పునాదివైపు మరలును. అందుచే మన్ను విడిచి, చిన్నకాలువ తీసి, వేపపాదునకు మరల్పించితిని. వంటయిల్లు మాత్రము మా కోడలు చూపినచోటనే కట్టించితిమి.