చేప కడుపున పుట్టిన రాజు

జలకన్యకూ మానవునికీ ప్రేమ కుదిరిన కథలు చాలా దేశాలలో ఉన్నవి. తెలుగులో 1996లో విడుదలైన 'సాహసవీరుడు సాగరకన్య' చలనచిత్రం అటువంటి వినోదకథయే. ఐతే ఇట్టి కథలు పుట్టడానికి సముద్రతీరమే కావాలనే నియమం లేదు. కొయ్యూరు, చింతపల్లి, పాడేరు కొండలకు చేరువలోనే, చేపను తమ మూలమాతగా చెప్పుకొన్న రాజవంశం ఒకటి ఉండేది.

వారు కొండల దిగువన వడ్డాదినుండి ఏలిన మత్స్యవంశపు రాజులు. ఆ వంశీయుడైన అర్జునుని కాలపు దిబ్బిడ తామ్రశాసనంలో, అనగా 1269 నాటి శాసనంలో, వంశోత్పత్తి వర్ణించబడి ఉన్నది. నారంగుడనే ముని, మంజుఘోష అనే అప్సరస ఆ కథలోని పాత్రలు. మత్స్యనదిలోని చేపకు సత్యమార్తాండుడు జన్మించాడు. ఉత్కళరాజు జయత్సేనుడు తన కుమార్తె ప్రభావతిని అతనికిచ్చి వివాహం చేసి, ఒడ్డవాది రాజ్యమేలడానికి నియమించాడు. మాడుగుల కొండలలో పుట్టే మాచ్‌ఖండ్ నదియే ఈ మత్స్యనది అని చరిత్రకారులు గుర్తించారు. మహాభారతంలో శాపవశాన చేపయైన అద్రికకు మత్స్యరాజూ, సత్యవతీ కవలలుగా పుట్టిన కథ శాసనకర్త ఎరిగినదే అయి ఉంటుంది.

ఇట్టి సంతానం ప్రకృతిలో సాధ్యమా? గుఱ్ఱానికి 64, గాడిదకు 62 క్రోమోసోములు ఉన్నవి. ఇంత దగ్గర జాతులకు పుట్టిన కంచరగాడిదకే సాధారణంగా సంతానం కలగదు. రోహు, బొచ్చె చేపలు రెంటికీ 50 చొప్పున ఉన్నవి. వాటి సంకరాలు పెరుగుతాయి, పిల్లలనూ పెడతాయి. మనుష్యునికి 46. కాని ఇక్కడ అడ్డంకి సంఖ్య మాత్రమే కాదు. మనుష్యుల పూర్వికులూ, ఈ చేపల పూర్వికులూ వేరుపడి 40 కోట్ల సంవత్సరాలు దాటినవి. రోహు గ్రుడ్డు పొరలో శుక్రకణం ప్రవేశించడానికి సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. మానవ అండానికి రంధ్రం లేదు. దాని పొరను పట్టుకొని ఛేదించగల శుక్రకణమే లోపలికి పోగలదు. తాళాలు వేరు, చెవులు వేరు.

పోనీ, పుట్టుక మాట విడిచి, నడుము పైన మనిషి, క్రింద చేప అయిన ప్రాణి నీటిలో బ్రతకగలదా అని చూద్దాము. ఈ లెక్క తరగతిలో నల్లబల్లమీద వేయదగినది. లీటరు గాలిలో 210 మిల్లీలీటర్ల ప్రాణవాయువు ఉన్నది. 25 డిగ్రీల మంచినీటిలో, లీటరుకు సుమారు 6 మాత్రమే. మనిషి కదలక కూర్చున్నప్పుడు నిమిషానికి 250 మిల్లీలీటర్లు వాడుకొంటాడు. అనగా నీటిలోని ప్రాణవాయువు నంతటినీ పీల్చుకొన్నా, నిమిషానికి 40 లీటర్లకు పైగా నీరు మొప్పలగుండా పోవాలి. ఇరవై లీటర్ల బిందెలు రెండు!

అంతటితో తీరలేదు. మొప్పలలో నెత్తురుకూ నీటికీ నడుమ పలుచని పొర మాత్రమే ఉంటుంది. ప్రాణవాయువు వచ్చే దారినే వేడి పోతుంది. ఆ 40 లీటర్ల నీరు 25 డిగ్రీలనుండి 37 డిగ్రీలకు వేడెక్కితే, నిమిషానికి సుమారు 500 కిలోకేలరీలు కొట్టుకొని పోతాయి. మన దేహం విశ్రాంతిలో పుట్టించే వేడి నిమిషానికి ఒక కిలోకేలరీకి కొంచెం ఎక్కువ. చేపలలో పెక్కు శీతల రక్తప్రాణులుగా ఉండడానికి ముఖ్య కారణం ఇదే. ఓపా అనే చేప మొప్పలలో పక్కపక్కన ఎదురెదురుగా పారే రక్తనాళాలవల్ల వేడిని కొంత దాచుకొంటుందని 2015లో తెలిసింది. అదైనా చుట్టూ ఉన్న నీటికన్న ఐదు డిగ్రీలు మాత్రమే వెచ్చన. చిత్రాలలోని జలకన్యకు మొప్పలు గీసే చిత్రకారులు అరుదు. అది మేలే అయింది.

గాలి పీల్చే జలకన్య ఐతే కొంత నయం. అట్టి ప్రాణులు నిజంగానే ఉన్నవి. మన్నారు సింధుశాఖలోనూ, పాక్ అఖాతంలోనూ తిరిగే సముద్రపు ఆవు గాలి పీల్చడానికి నీటిపైకి వస్తుంది, పిల్లకు పాలిస్తుంది. 1493లో కొలంబస్ చూచిన "జలకన్యలు" దీని బంధువులే కావచ్చు. చిత్రాలలో ఉన్నంత అందంగా లేరని అతడు వ్రాసుకొన్నాడు. వీటి తోక ప్రక్కలకు గాక, పైకీ క్రిందికీ ఊగుతుంది. చేప తోక నిలువుగా ఉండి ప్రక్కలకు కొట్టుకొంటుంది. చలనచిత్రాల జలకన్య ఈత చూచి, ఆమెది ఏ తోకో విద్యార్థులు చెప్పగలరు.

హుకుంపేట మండలంలోని మత్స్యగుండంలో, శివాలయం చెంత, భక్తులు చేపలకు మేత వేస్తారు గాని పట్టరు. అక్కడి చేపతో వివాహసంబంధం కుదరదు గాని, చుట్టరికం మాత్రం ఉన్నది. కెనడా ఉత్తరాన 2004లో దొరికిన టిక్టాలిక్ శిలాజం 37.5 కోట్ల సంవత్సరాల నాటిది. దానికి చేప పొలుసులు ఉన్నవి. రెక్కలో మణికట్టును పోలిన ఎముకలున్నవి. మెడ కూడా ఉన్నది. నాలుగు వారాల మానవపిండం గొంతుప్రక్కన వరుసగా చాపపు మడతలు కనబడతాయి. చేపలో ఇవే మొప్పలకు ఆధారమవుతాయి. మనలో మొప్పలుగా మారవు, దవడకూ, గొంతుకూ, చెవికీ ఉపయోగపడతాయి. చేపలో దవడను మోసే ఎముక ఒకటి మనలో క్రమంగా చిన్నదై, మూడు మిల్లీమీటర్ల అంకవన్నె ఎముకగా మధ్యచెవిలో నిలిచింది. శబ్దాన్ని లోపలిచెవికి అందించేది అదే.