గేదె పొట్టనీరు చెప్పే గుట్టు

మిరపకాయలు టిక్కీలకెత్తి కుట్టే రోజులొస్తే పాడి ఉన్న ఇంట్లో ఒక భయం ఉంటుంది. విరిగిన దబ్బనం మొన, కంచె తీగ ముక్క, మేకు ఏదో ఒకటి చొప్పలో కలిసి పశువు కడుపులోకి పోతుంది. గేదె మేతను గబగబా మింగి తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది కనుక లోపలికి ఏం పోయిందీ దానికి తెలియదు. ఆ ఇనుము తేనెపట్టు గళ్లలాంటి రెండో పొట్ట గదిలో చేరుతుంది. దాని ముందు పలుచని పొర, పొర అవతల గుండె.

మా ఇంట్లో ఇలాగే ఒక గేదె పోయింది. ఉన్నట్టుండి పాలు సగానికి పడ్డాయి. వీపు విల్లులా వంచి నిలబడేది, పడుకోబోతూ మూలిగేది. అజీర్తి అనుకుని వారం రోజులు వాము, అల్లం పోశాం. చచ్చాక కోయిస్తే జానెడు కూడా లేని తీగ! గేదె పోయినా దాన్ని కొన్న అప్పు మాత్రం మరో రెండేళ్లు కట్టాం.

ఇలాంటప్పుడు పనికొచ్చేదే పొట్టనీటి పరీక్ష. పేగులకూ పొట్టగోడకూ నడుమ మామూలుగానే కాస్త నీరుంటుంది. పొట్ట కింద వెంట్రుకలు గొరిగి, శుభ్రం చేసి, డాక్టరు సూదితో కొద్దిగా తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న పశువులో అది లేత పసుపు రంగులో తేటగా ఉంటుంది, వాసన రాదు. మడ్డిగా, పీచులు తేలుతూ, కంపు కొడుతూ వస్తే లోపల వాపు ఉన్నట్టే.

అసలు సంగతి మైక్రోస్కోపు కింద తేలుతుంది. చుక్క నీటిని గాజు పలకపై పలుచగా రాసి, ఆరబెట్టి, రంగు వేసి చూస్తారు. చీముకు మూలమైన తెల్లకణాలు గుంపులుగా ఉండి, వాటి కడుపులో సూక్ష్మజీవులు కనిపిస్తే పొట్టలో చీము పట్టిందని అర్థం. అదే సూక్ష్మజీవులు, గడ్డి నలుసులు కనబడి తెల్లకణాలు పెరగకపోతే సూది పొరపాటున పేగులోకి దిగిందన్న మాట. ఈ తేడా కంటితో చూస్తే ఎవరికీ తెలియదు. నీరు నిలవుంటే కణాలు చెడిపోతాయి కనుక పలక వెంటనే రాయించుకోవాలి, మిగతా నీరు గడ్డకట్టని మందున్న సీసాలో పోయించాలి.

కాలువ కింద మేసే గేదెకు జలగ వ్యాధి ముదిరితే దవడ కింద వాపు, పొట్టలో నీరు చేరతాయి. ఆ నీటిలో కణాలు, మాంసకృత్తులు రెండూ తక్కువే. ఎద్దుకు రాళ్లు అడ్డుపడి మూత్రాశయం పగిలినా పొట్ట ఉబ్బుతుంది. అప్పుడు ఆ నీటిలో క్రియాటినిన్ రక్తంలో కంటే బాగా ఎక్కువ ఉంటుంది. మూడింటికీ మందు ఒకటి కాదు.

ఒక మాట. నీరు తేటగా వచ్చినంత మాత్రాన తీగ లేదనుకోరాదు. గాయం చుట్టూ పొరలు అతుక్కుపోతే చీము అక్కడే ఆగుతుంది. కనుక డాక్టరు మళ్లీ చూస్తానంటే విసుక్కోవద్దు. తీగ గుండెకు తగలకముందే తెలిస్తే ఆపరేషన్ చేసి తీయవచ్చు. మెడ కింద, రొమ్ము దగ్గర నీరు దిగాక ఆశ చాలా తక్కువ. ఇంట్లో ఎవరూ సూది గుచ్చే సాహసం చేయవద్దు.

పాలు తగ్గి, మూలుగు మొదలైన రోజే పశువైద్యశాలకు కబురు పెట్టండి. 2022 మే నెలలో రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య బండి కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. ఏయే మందులు ముందే పోశారో దాచకుండా చెప్పండి.