షాద్‌నగర్ యాంటెన్నాకు అందే అనంతపురం

వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురం మెట్టచేలలో వేరుశనగ ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే, పైరు వాడిన జాడను 817 కిలోమీటర్ల ఎత్తున తిరిగే రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహం పట్టగలదు. పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకొని, కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది గనుక, ఆ రెంటి మధ్య తేడా తగ్గడమే బెట్టకు గుర్తు.

ఆ చిత్రాలను నేలకు దించేవి 8 గిగాహెర్ట్జ్ ప్రాంతపు రేడియో తరంగాలు, అంటే ఎక్స్ బ్యాండ్. ఉపగ్రహం దిగ్మండలం మీద కనిపించి మరుగయ్యే పావుగంటలోపే, సెకనుకు 105 మెగాబిట్ల చొప్పున రెండు ధారలుగా వచ్చే సమాచారాన్ని షాద్‌నగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రపు డిష్ యాంటెన్నాలు దాని వెంటే తిరుగుతూ అందుకుంటాయి. మబ్బు ఈ తరంగాలను అంతగా ఆపకపోయినా కెమెరా చూపును మూసేస్తుంది కాబట్టి, ఖరీఫ్‌లోనే చిత్రాలు కొరవడటం ఈ పద్ధతికి పెద్ద లోటు. మబ్బులగుండా చూడగల రాడార్‌తో రీశాట్-1ను 2012లో శ్రీహరికోట నుంచి పంపింది అందుకే.